రెడీమేడ్ స్వెటర్ చవగ్గా దొరుకుతుంటే చేత్తో ఎందుకు అల్లుతారు?

డబ్బు ఆదా కోసమైతే కాదు. పెద్దవాళ్ల స్వెటర్‌కి సుమారు కిలోమీటరు పొడవు ఊలు దారం పడుతుంది. మంచి ఊలైతే దారం ఖర్చే రెడీమేడ్ స్వెటర్ ధరను దాటేస్తుంది. పైగా వారాల తరబడి పని. దానికి గంటల లెక్కన కూలి కడితే కొనేవాళ్లు దొరకడం కష్టం. అందుకే చాలామంది అల్లినవి అయినవాళ్లకే ఇస్తారు. ఈ హాబీతో సంపాదించాలనుకుంటే డిజైన్లు, అంటే ఏ వరస ఎలా అల్లాలో చెప్పే సూచనలు, రాసి అమ్మడమే మేలని నాకనిపిస్తుంది, ఒకసారి రాస్తే ఎందరికైనా అమ్మొచ్చు కదా.

చేతి అల్లిక చాలా పాతది. ఈజిప్టులో దొరికిన, చేత్తో అల్లిన నూలు మేజోళ్లు దాదాపు వెయ్యేళ్ల నాటివి. 1589లో ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. ఆ తర్వాతి శతాబ్దాల్లో బతుకుతెరువుగా ఉన్న చేతి అల్లిక మెల్లగా ఇష్టంతో చేసే పనిగా మారింది.

అసలు లాభం మనసుకే. చేతులు ఒకే లయలో కదులుతుంటే టెన్షన్ తగ్గుతుంది. 2013లో వెలువడిన ఒక సర్వేలో 3,500 మందికి పైగా పాల్గొన్నారు. తరచుగా అల్లేవాళ్లే ఎక్కువ ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని చెప్పారు. ఎక్కడైనా తప్పు పోయిందా, వరసలు విప్పేసి అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది ఎంత ధైర్యమో!