ఎగువన మబ్బుంటే గండిలోకి దిగకు

అమ్మడూ,

నువ్వు నైరోబీ వెళ్తున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. నవంబరులో రెండు వారాల ట్రైనింగు, అక్కడి గిగిరి పేటలో బస, రెండు శనివారాలు, రెండు ఆదివారాలు ఖాళీ. విని ఎంత మురిసిపోయానో! పొద్దున లేచి నువ్వు పంపిన పట్టీ చూశాక మాత్రం గుండె గుభేలుమంది. ఒక్క శనివారంలో ఏడు చోట్లా? ఎవరు చెప్పారే నీకు? మ్యాపులో పక్కపక్కనే కనబడ్డాయని ఊరికి ఆ చివరున్నదీ ఈ చివరున్నదీ ఒకే రోజున కట్టేస్తే, నువ్వు చూసేది నైరోబీ కాదు, ముందు లారీ వెనక తలుపు.

నీకు తెలిసినవన్నీ గబగబా చెప్పేస్తాను. ఆన్‌లైన్‌లో ఈటీఏ, అదే ప్రయాణ అనుమతి, ముందే తీసుకో, దిగాక ఇచ్చే వీసా ఇప్పుడు లేదు. ఎయిర్‌పోర్టులోనే పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుని ఎంపెసా పెట్టించుకో; 2007లో మొదలైంది, మన ఫోన్‌పే కంటే పెద్దది వయసులో. కూరగాయల బండి దగ్గర కూడా అదే నడుస్తుంది. ఒక స్వెట్టరు పెట్టుకో. భూమధ్యరేఖ అనగానే ఉక్కపోత అనుకుంటారు గానీ, ఆ ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ కొండల మీద ఇంకో అయిదు వందల మీటర్లు వేసుకో.

ఎల్లో ఫీవర్ సూది మాత్రం ఒక్క లైనులో తేలదు. అది వేసుకోకపోతే వెళ్ళేటప్పుడు కాదు, తిరిగి మన దేశంలో దిగేటప్పుడు పట్టుకుంటారు. సూది వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పది రోజుల తర్వాతే చెల్లుతుంది. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి వారం ముందు గుర్తొచ్చి పరుగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ (ఐపీఎం)లో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో అడిగి, పాస్‌పోర్టు పట్టుకుని ఈ వారమే వెళ్ళు. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకో. ఆ సూది మళ్ళీ జన్మలో వేయించుకోనక్కర్లేదు.

ఇంకొకటి, మీ అమ్మ ఆవకాయ సీసాలకి నాలుగేసి క్యారీ బ్యాగులు చుడుతుంది. చుట్టనివ్వకు. 2017 ఆగస్టు నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగు చట్టరీత్యా నేరం, జరిమానా చిన్నదేం కాదు. గుడ్డ సంచులు పెట్టుకో. నేషనల్ పార్కుల్లోకి ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు కూడా తేనివ్వరు, స్టీలు సీసా పట్టుకెళ్ళు.

ఇప్పుడు మొదటి శనివారం సంగతి. ఆ రోజంతా ఊరికి దక్షిణం, నైరుతి వైపే ఉండు. నేషనల్ పార్కు, ఏనుగు పిల్లలు, జిరాఫీలు, ‘అవుట్ ఆఫ్ ఆఫ్రికా’ రాసిన కరెన్ బ్లిక్సెన్ ఇల్లు, ఈ నాలుగూ ఒకే వైపు. పార్కు గేటు పొద్దున ఆరింటికి తీస్తారు. నువ్వు అయిదుంబావుకల్లా గిగిరిలో బండెక్కాలి. ఆ వేళప్పుడు ముప్పావు గంట కూడా పట్టదు, ఏడు దాటితే ఎంత పడుతుందో దేవుడికే తెలియాలి. టిక్కెట్టు ముందురోజే వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటు ఈసిటిజన్‌లో కొనేసెయ్యి, గేటు దగ్గర నోట్లు తీసుకోరు.

డ్రైవరుతో టైము ఖాయం చేసుకునేటప్పుడు జాగ్రత్త. స్వాహిలీలో గంటలు తెల్లవారినప్పటి నుంచి లెక్క, మన పాతకాలం జాముల్లాగే. ‘సా తాతు’ అంటే మాటకి మూడు గంటలు, అసలు అర్థం పొద్దున తొమ్మిది. ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు మార్చే చెప్తారు. కానీ నువ్వు ముచ్చటపడి నేర్చుకున్న నాలుగు స్వాహిలీ ముక్కలతో బండి మాట్లాడుకున్నావంటే ఆరు గంటల తేడా వస్తుంది. ఒప్పుకున్న టైము అంకెల్లో మెసేజ్ పెట్టించుకో.

పార్కు 1946లో పెట్టింది, 117 చదరపు కిలోమీటర్లు. సింహం వెనకాల ఆకాశంలో ఊళ్ళోని మేడలు కనబడతాయి. అక్కడి మైదానం నల్లరేగడి. గుంటూరు పొలాల్లో చెప్పులు ఎన్నిసార్లు ఊడాయో గుర్తుందిగా, నీకు వేరే చెప్పాలా? నవంబరు చిన్న వానల కాలం. ముందురోజు వాన పడితే మామూలు కారు చక్రం గిర్రున తిరుగుతుందే తప్ప బండి కదలదు, దిగి తోద్దామంటే పొదలో ఏముందో తెలీదు. అందుకే నాలుగు చక్రాలూ లాగే బండే మాట్లాడుకో, వంద డాలర్లు మిగిలాయని చిన్న కారెక్కకు. బోర్డు పెట్టి దిగొచ్చని రాసిన చోటే దిగాలి. 1989లో పన్నెండు టన్నుల ఏనుగు దంతాలు తగలబెట్టిన చోటు అలాంటిదే, అక్కడ కాసేపు ఆగు. ఖడ్గమృగాలు, సింహాలు, జిరాఫీలు అన్నీ ఉంటాయి. ఏనుగులు మాత్రం ఆ పార్కులో లేవు, ‘ఏనుగు చూపించు’ అని డ్రైవరు ప్రాణం తీయకు.

ఏనుగు పిల్లలుండేది, తల్లిలేని వాటిని పెంచే షెల్డ్రిక్ ట్రస్టు వాళ్ళ దగ్గర. ఇక్కడే చాలామంది పొరపడతారు. పార్కు మెయిన్ గేటు పక్కన ‘యానిమల్ ఆర్ఫనేజ్’ అని ఇంకొకటుంది, అది వైల్డ్‌లైఫ్ సర్వీసు వాళ్ళది. ‘ఏనుగుల ఆర్ఫనేజ్’ అని నోటితో చెప్తే టాక్సీ అతను అక్కడే దించి డబ్బులు పుచ్చుకుని పోతాడు. తప్పు తెలుసుకుని మాగాడి రోడ్డు వైపు చుట్టి వచ్చేసరికి గేటు వేసేస్తారు. అక్కడ చూడనిచ్చేది రోజుకి ఒక్క గంటే, పదకొండు నుంచి పన్నెండు. ముందు బుక్ చేసుకోనిదే రానివ్వరు కాబట్టి ఇవాళే చేసుకో. పార్కులోంచి తొమ్మిదిన్నరకి బయటపడు. సింహం కనబడినా సరే, బయటపడు.

ఆ గంటలో తాడు పక్కన ముందు వరసలో నిలబడు. ఆకుపచ్చ కోట్లు వేసుకున్న మనుషులు పెద్ద పెద్ద పాలసీసాలతో వస్తారు, వాళ్ళ వెనకే పరుగున పిల్లలు. మరీ చిన్నవాటికి చలికి వీపు మీద దుప్పటి కడతారు. తొండంతో సీసా తానే పట్టుకుని తాగేది ఒకటుంటుంది, పక్కదాని సీసా లాక్కునేది ఒకటుంటుంది, అచ్చం మీ ఇద్దరిలాగే. తాగేసి బురదలో పొర్లి, ఆ బురద తెచ్చి తాడు పక్కనున్న వాళ్ళకి పూస్తాయి. తెల్ల చుడీదార్ వేసుకెళ్ళకు. పెరిగాక వాటిని త్సావో నేషనల్ పార్కుకి తీసుకెళ్ళి మెల్లగా అడవిలో కలుపుతారు.

మధ్యాహ్నం కరెన్‌లో ఏదైనా తిని జిరాఫ్ సెంటర్‌కి వెళ్ళు. మెట్లెక్కితే జిరాఫీ మొహం నీ మొహానికి ఎదురుగా ఉంటుంది. మేత గుళికలు ఒక్కొక్కటే ఇవ్వు. అయిపోయాక చేతులు దులుపుకుని దాని ముందే నిలబడి సెల్ఫీ తీసుకోకు: అలిగి తలతో ఒక్కటి కొడుతుంది, ఆ తల బరువు తేలిగ్గా తీసుకునేది కాదు. అక్కడికి నాలుగవుతుంది. బ్లిక్సెన్ ఇల్లు ఓపికుంటేనే. ఆరున్నరకల్లా పొద్దు గూకుతుంది, సంజె వెలుగు ఎక్కువసేపు నిలవదు. చీకటి పడ్డాక నడక వద్దు. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కారు అద్దం దించి ఫోన్ చూస్తూ కూర్చోకు, ఫోన్ చేతిలోంచి ఎగిరిపోతుంది. ‘బోడాబోడా’ అనే బైకు టాక్సీ ఎక్కావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను.

ఆదివారం కరూరా అడవి చాలు, నీ బసకి పక్కనే. వెయ్యి హెక్టార్ల పైచిలుకు అడవి, ఊరి మధ్యలో. దాన్ని ముక్కలు చేసి మేడలు కడదామనుకున్నప్పుడు 1999లో వంగారి మాథాయి మొక్కలు పట్టుకుని వెళ్ళి దెబ్బలు తింది. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది ఆవిడకే. జలపాతం దాకా నడిచి రా. వానకి ఎర్రమన్ను జారుతుంది, గాడులున్న బూట్లు వేసుకో. మధ్యాహ్నం మనసైతే రైల్వే మ్యూజియం. మన దేశం నుంచి ముప్పై వేల మందికి పైగా కూలీలని తీసుకెళ్ళి వేయించిన రైలది, 1899లో అక్కడికి చేరాకే ఆ చిత్తడి నేలలో ఊరు పుట్టింది. 1900లో కీమా స్టేషన్‌లో సింహం ఒక పోలీసు అధికారిని ఏ పెట్టెలోంచి లాక్కెళ్ళిందో, ఆ పెట్టె అక్కడే ఉంది. ఎక్కి కిటికీ ఎంతుందో చూడు.

ఇక రెండో శనివారం. ఈ లేఖ రాస్తున్నదే దీని కోసం.

నైవాషా సరస్సు, హెల్స్ గేట్ అని రాశావు. తప్పకుండా వెళ్ళు. తొంభై కిలోమీటర్ల దూరం, ఆరింటికి బయల్దేరితే దారిలో రిఫ్ట్ లోయ మొత్తం కనబడే మలుపు దగ్గర ఆగి టీ తాగినా ఎనిమిదిన్నరకి ఎల్సా గేటు దగ్గరుంటావు. అక్కడ సైకిలు అద్దెకిస్తారు. రెండు బ్రేకులూ నొక్కి చూసి, చైను తిప్పి చూసి, టైర్లు వేలితో నొక్కి చూసి తీసుకో. జీబ్రాల మధ్య సైకిలు తొక్కే పార్కు అది. అడవి దున్న కనబడితే మాత్రం ఆగి దూరం ఇవ్వు. బబూన్ కోతులు సంచీలో అరటిపండుంటే జిప్పు తీస్తాయి. ఇదంతా సరదానే.

సైకిలు దారి చివర గండి వస్తుంది. ఓల్ జోరోవా అంటారు. మన గండికోటలో పైన నిలబడి పెన్నని చూశావు కదా, ఇక్కడ అడుగున నడుస్తారు. రెండు పక్కలా గోడలు, కొన్నిచోట్ల చేతులు చాస్తే రెండు వైపులా తగులుతాయి. కాళ్ళ కింద మడమ తడవనంత నీళ్ళు, ఒకచోట వేడినీటి ఊట. ఎంత చల్లగా, ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. అందుకే భయం. తల మీద నీలాకాశం గీతలా కనబడుతుంది, ‘వాన లేదుగా’ అనుకుంటాం.

ఆ తప్పు నేనూ చేశాను. బతికి బయటపడ్డాను, ఆ కథ వద్దు. తప్పు ఎక్కడుందో చెప్తాను. ఆ గండిలోకి నీళ్ళు తల మీది మబ్బులోంచి రావు. ఎగువన ఎక్కడో కొండల మీద కురిసిన వాన పల్లాలన్నీ పట్టి, చివరికి ఈ ఇరుకు చీలికలోకి దూరుతుంది. వెడల్పు లేదు కాబట్టి నీటికి పైకి లేవడమే దారి. మడమల లోతున్నది నిమిషాల్లో తల దాటుతుంది, మెత్తని అగ్నిపర్వత బూడిదనీ రాళ్ళనీ కూడా కలుపుకుని వస్తుంది. 2012 ఏప్రిల్‌లో కొట్టుకుపోయారు, 2019 సెప్టెంబరులోనూ కొట్టుకుపోయారు. ఏప్రిల్ అంటే పెద్ద వానల నెల. సెప్టెంబరు వానల నెల కానే కాదు. నువ్వు వెళ్ళేది నవంబరులో.

అందుకని విను. ముందురోజు రాత్రి నైవాషాలో వాన పడిందేమో కనుక్కో. పొద్దున గేటు దగ్గర గండి తెరిచారా అని అడుగు. మూశామంటే బతిమాలకు, డబ్బివ్వజూపకు. చుట్టూ ఏ దిక్కున నల్లమబ్బున్నా, ఎంత దూరాన ఉన్నా దిగకు. అక్కడ వానలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే కాబట్టి పదింటికి దిగి పన్నెండుకల్లా పైన ఉండు. పార్కు పుస్తకంలో పేరున్న గైడు లేకుండా అడుగు పెట్టకు. దిగేముందు అతన్నే ‘పైకెక్కే దారులు ఎక్కడెక్కడ?’ అని అడిగి, ఒక్కోటి దాటినప్పుడల్లా వేలు పెట్టి చూపించమను. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఫోటోలకని నిలబడకు. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి బురద రంగు తిరిగినా, పుల్లలూ ఆకులూ తేలుతూ వచ్చినా, లారీ వస్తున్నట్టు మోత వినబడినా ఆగి చూడకు. నీటి వాలున కిందికి పరుగెత్తకు, నీళ్ళు నీకంటే వేగం. దగ్గరున్న దారిన పైకెక్కు. సంచీ పోతే పోనీ, ఫోన్ పోతే పోనీ.

తిట్టినట్టుంటే ఏమీ అనుకోకు. నువ్వు మూడో తరగతిలో గోదావరి మెట్ల మీద ఆఖరి మెట్టు దాకా వెళ్ళిన పిల్లవి, నాకు అదే కళ్ళ ముందు ఉంటుంది. గండి మూసి ఉంటే సరస్సులో పడవెక్కు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకో, నీటిగుర్రాలకి దగ్గరగా పోనివ్వకు.

రెండో ఆదివారం పడుకో. లేదంటే పార్క్‌లాండ్స్ వైపు స్వామినారాయణ్ గుడికి వెళ్ళి రా. ఆ వీధి పేరు ఇప్పుడు వంగారి మాథాయిది. మసాయి పూసల సంత నీ బస దగ్గర విలేజ్ మార్కెట్‌లో శుక్రవారం పెడతారు, చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టు. ఉగాలి తిని చూడు, మొక్కజొన్న పిండితో చేసిన మన సంగటే. సుకుమా ఆకుకూర పెట్టుకుంటే బాగుంటుంది. చాయ్, చపాతీలకి కొత్త పేర్లు నేర్చుకోనక్కర్లేదు. ఊదా రంగు జకరండా పూలు ఇంకా రాలుతుంటే ఒక ఫోటో పంపు.

గండి నుంచి పైకి వచ్చాక మెసేజ్ పెట్టు, గదికి చేరేదాకా ఆగకు. అక్కడ మధ్యాహ్నం పన్నెండైతే ఇక్కడ రెండున్నర. ఆ రోజు నేను మధ్యాహ్నం పడుకోను.

మీ అత్తయ్య