ఇంటి దగ్గర ఇంజెక్టర్లు మార్చబోతున్న అల్లునికి

మిర్యాలగూడ

చిరంజీవి అల్లునికి మామ ఆశీస్సులు.

యాసంగి వడ్లు మిల్లులకు కదిలేలోపు లారీ ఇంజెక్టర్లను, అదే ఇంజన్ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలను, నకిరేకల్‌లో మీ వాకిట్లోనే మార్చుకుంటానని నువ్వు కబురు చేసినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. నీ చేతికి పని వచ్చు, అందులో నాకు సందేహం లేదు. అయితే నువ్వు పని నేర్చుకున్నది పాత పంపు ఇంజన్ల మీద, ఇప్పుడు నీ ముందున్నది కామన్ రైల్ బండి, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఉంచే బండి. అక్కడ అలవాటైన కొన్ని పద్ధతులు ఇక్కడ చెయ్యి తీసేస్తాయి.

పాత ఇంజన్‌లో ఇంజెక్టర్ కొసనుండే నాజిల్ 200 బార్ ఒత్తిడికి కాస్త అటూ ఇటుగా తెరుచుకునేది కనుక, ఏ సిలిండర్ మిస్ కొడుతోందో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగానే పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి చూసేవాళ్లం. కామన్ రైల్ పైపులో 1,600 బార్, కొన్ని బండ్లలో అంతకన్నా ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ నట్టును ముట్టుకోవద్దు, లీకేజీని వేలితో తడిమి చూడొద్దు, అనుమానమున్న చోట అట్టముక్క పెట్టి చూడు. సన్నని డీజిల్ ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ లోపల కండ పాడవుతూ ఉంటుంది. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆపరేషన్ వసతి ఉన్న పెద్దాసుపత్రికి పోయి, ఒత్తిడితో ఉన్న డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఇంజన్ ఆపిన తర్వాత కూడా ప్రెషర్ దిగేదాకా, కంపెనీ పుస్తకంలో చెప్పినంత సేపు ఆగి, బ్యాటరీ వైరు తీసిన తర్వాతే పానా పట్టు.

అసలు తప్పు ఇంజెక్టర్లదేనని తేల్చుకున్నావా? మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే ఒక్కొక్క రిటర్న్ లైనుకు సీసా తగిలించి ఇంజన్ నడిపితే, ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతున్న ఇంజెక్టర్ ఏదో తెలిసిపోతుంది. ట్యాంకులో నీళ్లు, తుప్పు ఉన్నాయేమో కూడా చూడు. డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోసిన బండ్లలో ఈ బాధ ఎక్కువ. ట్యాంకు కడగకుండా, ఫిల్టర్లు మార్చకుండా కొత్త ఇంజెక్టర్లు వేస్తే అవి కూడా పాడవుతాయి.

ఈ పనిలో విప్పి బిగించడం కొంతే, శుభ్రతే అసలు కష్టం. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లే ఉంటుంది, మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. కనుక మన ఎర్రమట్టి దుమ్ము ఎంత చెరుపు చేస్తుందో నువ్వే ఊహించుకో. గాలి లేవకముందే, తెల్లవారుజామున వాకిట్లో సాన్పు చల్లి పని మొదలుపెట్టు. విప్పకముందే ఇంజన్ పైభాగాన్ని కడిగి కంప్రెసర్ గాలితో ఆరబెట్టు. పైపు విప్పిన మరుక్షణమే రెండు కొసలకూ శుభ్రమైన మూతలు పెట్టాలి. నూలు లేచే పాతబట్ట వాడొద్దు.

ఇంజెక్టర్ పట్టుకుపోయి రాకపోతే రాడ్డుతో మీటొద్దు. తుప్పు వదిలించే ఆయిల్ పోసి, రాత్రంతా ఉంచి పుల్లర్‌తో లాగు. అది బయటికి వచ్చాక దాని కొసన పాత రాగి వాషర్ ఉందో లేదో చూడు, లేకపోతే అది ఇంజెక్టర్ కూర్చునే గుంతలోనే ఉండిపోయినట్టు. చూడకుండా దాని మీద కొత్తది వేస్తే ఇంజెక్టర్ ఎత్తుగా కూర్చుని కంప్రెషన్ లీకవుతుంది. గుంతలోని మసిని బ్రష్‌తో తీసేటప్పుడు అది సిలిండర్‌లో పడకుండా అడుగు రంధ్రాన్ని మూసుకో, తర్వాత ఆ అడ్డు తీయడం మరువకు. ఓ-రింగుకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ రాయి. పైపు నట్లను రెండు వైపులా ముందు వేళ్లతో ఎక్కించి, తర్వాత ఇంజెక్టర్ క్లాంపును, చివరికి నట్లను నీ ఇంజన్ పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించు. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. పైపులు ఒక్కసారికే వాడాలని కంపెనీ రాసి ఉంటే, డబ్బులకు చూడక కొత్తవే వెయ్యి.

ఒక్కో ఇంజెక్టర్ మీద అక్షరాలు, అంకెలు కలిసిన కోడ్ ఉంటుంది. బిగించకముందే ఏ సిలిండర్‌కు ఏ కోడో కాగితం మీద రాసుకో, బిగించాక అది కనిపించకపోవచ్చు. కోడ్ అడిగే బండి అయితే దాన్ని స్కానర్‌తో ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించక తప్పదు. లేకపోతే కొత్త ఇంజెక్టర్లతో కూడా ఇంజన్ అదురుతుంది, పొగ వస్తుంది. స్కానర్ ఉన్న మనిషిని ముందే మాట్లాడుకో.

సెల్ఫ్ కొట్టే ముందు ఇంజన్‌ను చేత్తో పూర్తిగా రెండు చుట్లు తిప్పు. సిలిండర్‌లో డీజిల్ చేరి ఉంటే తిరగదు, అప్పుడు బలవంతం చేయొద్దు. డీజిల్ లైనులో చేరిన ఎయిర్‌ను ఫిల్టర్ దగ్గరి చేతి పంపుతోనే తియ్యి. డిప్ స్టిక్‌లో ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ఆయిల్ కూడా మార్చు. స్టార్టయ్యాక కొంతసేపు స్లోలో నడిపి, ఆపి, జాయింట్లన్నీ తుడిచి మళ్లీ చూసుకో. మొదటి కిరాయి దూరానికి ఒప్పుకోకు, నల్లగొండ దాకా ఖాళీ బండితో పోయి వచ్చాక ఇంకోసారి చూసి, అప్పుడు లోడు ఎక్కించు.

ఇట్లు,
నీ మేనమామ