టెండరు మారితే పాత కార్మికుల సంగతి ఏమిటి?

ఒంగోలులో ఒక ప్రభుత్వ కార్యాలయం పారిశుద్ధ్యం, కాపలా పనులకు మళ్లీ టెండరు పిలిచింది, పాతవాళ్లు ఉంటారా అని అడిగారు. కొత్త ఏజెన్సీ వారినే తీసుకోవాలంటే ఆ మాట టెండరు షరతుల్లో రాసి ఉండాలి. ముందు ఆ పేజీ చదవండి. పీఎఫ్ గురించి బెంగ వద్దు. యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే శాశ్వత నంబరు) మారదు, కొత్త ఏజెన్సీ దానికే జమ చేస్తుంది.

అసలు తిరకాసు ధరలో ఉంటుంది. కనీస వేతనం, యజమాని వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం తగ్గించడానికి వీల్లేనివి. ఇక పోటీ అంతా ఏజెన్సీ తనకంటూ తీసుకునే సర్వీసు చార్జీ మీదే. ఎవరైనా దాన్ని పైసల్లో కోట్ చేశారంటే అనుమానించాల్సిందే: ఫినాయిల్‌లో నీళ్లు పెరుగుతాయి, పదిమంది ఊడ్వాల్సిన అంతస్తులను ఏడుగురు ఊడుస్తారు (హాజరు పట్టీలో మాత్రం పదిమందీ ఉంటారు!). కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే, చట్టప్రకారం పని చేయించుకున్న కార్యాలయమే చెల్లించి అతని బిల్లులో కోసుకోవాలి.