కుక్క జారదని చెప్పి అమ్మిన టైల్స్ మీదే కుక్క జారి పడింది. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంట్లో తొమ్మిదేళ్ల లాబ్రడార్ ఉంది. పాత గ్రానైట్ మీద నడవలేకపోతోందని నవంబరులో హాలు, బెడ్‌రూమ్‌లలో టైల్స్ వేయించాం. కుక్క సంగతి షోరూమ్‌లో ముందే చెప్పాను. వాట్సాప్‌లో మళ్లీ అడిగితే "ఇవి యాంటీ స్కిడ్ మేడమ్, పెట్స్ ఉన్నవాళ్లందరూ ఇవే తీసుకుంటున్నారు" అని జవాబిచ్చారు. టైల్స్‌కు 1,40,000, మేస్త్రీకి 45,000 రూపాయలు అయ్యాయి. మూడు నెలలకే అది జారిపడి వెనక కాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కు 62,000 ఖర్చయింది. "యాంటీ స్కిడ్ అంటే మనుషులకండీ, కుక్కలకు గ్యారంటీ ఎవరిస్తారు? అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బిల్లు మీదే ఉంది" అని షోరూమ్ వాళ్లు అంటున్నారు. వీళ్ల మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. మీ కేసుకు ప్రాణం ఆ వాట్సాప్ మెసేజ్. ముందు దాన్ని భద్రం చేయండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఆ ఫోన్‌ను కూడా అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయడం మంచిది.

"కుక్కలకు గ్యారంటీ లేదు" అనే మాట మీ విషయంలో చెల్లదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో సెక్షన్ 16(1) ఉంది. ఫలానా అవసరానికి కావాలని చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలన్న షరతు అమ్మకంలోనే ఉన్నట్టు లెక్క, బిల్లు మీద రాయకపోయినా సరే. మీరు కుక్క కోసమని చెప్పారు, వాళ్లు సరేనన్నారు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: మీరే ఒక కంపెనీ, ఒక మోడల్ పేరు చెప్పి "అదే ఇవ్వండి" అని ఉంటే ఈ సెక్షన్ మీకు అక్కరకు రాదు. షోరూమ్‌కు పంపే నోటీసులో "మీ సలహా మీదే కొన్నాను" అని రాసే ముందు ఆ చాట్ మొత్తం ఒకసారి చదువుకోండి.

అసలు కేసు మాత్రం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నడుస్తుంది. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. సరైన పరీక్ష లేకుండా పనితీరుకు గ్యారంటీ ఇస్తున్నట్టు ప్రచారం చేయడమూ అంతే. షోరూమ్ బోర్డు మీద గానీ, ప్రకటనలో గానీ "పెట్ ఫ్రెండ్లీ" అని ఉంటే ఈ రోజే ఫోటో తీయండి. లోపమున్న సరుకును వాపసు తీసుకోననడం కూడా సెక్షన్ 2(47) కింద తప్పే. కాబట్టి బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యం చూసి టెన్షన్ పడకండి.

ఆపరేషన్ ఖర్చు సంగతి కొంచెం చిక్కైనది. చట్టం దృష్టిలో కుక్క చరాస్తి. ఇంట్లో మనిషిలా తిరిగే ప్రాణిని ఆస్తి అనడం నాకూ కష్టంగానే ఉంటుంది, కానీ ఇక్కడ అదే మీకు పనికొస్తుంది. ఉత్పత్తి బాధ్యత (లోపమున్న సరుకు వల్ల కలిగిన హానికి తయారీదారు, అమ్మినవాడు పరిహారం ఇవ్వాలన్న నియమం) కింద "హాని" అంటే ఆస్తికి జరిగిన నష్టం, దానివల్ల కలిగిన మనోవేదన కూడా. అయితే అదే నిర్వచనం చివర ఒక మెలిక ఉంది: వారంటీ షరతుల ఉల్లంఘన వల్ల ఆస్తికి జరిగిన నష్టం అందులోకి రాదు. అవతలి లాయరు దీన్నే పట్టుకుంటాడు. అందుకే ఫిర్యాదును ఉత్పత్తి బాధ్యత మీద ఒక్కదాని మీదే నిలపకండి. అబద్ధపు హామీ, నిర్లక్ష్యం కూడా రాసి, సెక్షన్ 39 కింద ధర వాపసు, పరిహారం రెండూ అడగండి.

ఇంకో గట్టి అభ్యంతరం వస్తుంది. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో, వయసు మీదపడ్డాక ఆ లిగమెంట్ దానంతటదే అరిగి తెగుతుందని అంటారు. వైద్యపరంగా అందులో నిజం లేకపోలేదు. ఆపరేషన్ చేసిన పశువైద్యుడి దగ్గర పాత కేస్ షీటు, ఎక్స్‌రేలు, జారిపడటం వల్లే తెగిందా అన్న దానిపై రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. అది లేకపోతే టైల్స్ డబ్బు వచ్చినా 62,000 రావడం కష్టం.

మిగిలిపోయిన టైల్స్ ఉన్నాయా? అట్టపెట్టెతో సహా దాచండి. దాని మీద కంపెనీ, బ్యాచ్, ఫినిష్ ఉంటాయి. ఆర్ 9, ఆర్ 10 లాంటి అంకె ఉంటే మరీ మంచిది. నూనె పూసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి, ఏ కోణంలో జారతాడో చూసి ఇచ్చే అంకె అది. ఆర్ 9 అన్నిటికంటే కింది మెట్టు, 6 నుంచి 10 డిగ్రీలకే సరిపోతుంది. పెట్టె మీద ఆర్ 10 అని ఉండి పరీక్షలో ఆర్ 9 తేలితే, తయారీదారు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయాల్సిన పని లేదు, సెక్షన్ 84 ఆ మాట స్పష్టంగానే చెబుతోంది. పెట్టె మీద "మ్యాట్" (మెరుపు లేనిది) అని మాత్రమే ఉంటే తయారీదారు మీద కేసు బలహీనం, షోరూమ్ మీదే నడపాలి. టైల్‌ను ల్యాబ్‌కు పంపమని కేసు విచారించే వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు, ఫీజు ముందు మీరే కట్టాలి.

ఈలోగా కుక్క తిరిగే దారిలో రబ్బరు మ్యాట్లు పరవండి. దానివల్ల కేసుకు నష్టం లేదు. యాసిడ్‌తో కడగడం, కోటింగ్ వేయించడం, పాలిష్ పట్టించడం మాత్రం వద్దు. సరుకును మార్చారంటూ సెక్షన్ 87 చూపించి అమ్మినవాడు తప్పించుకోజూస్తాడు. టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ పొరను మేస్త్రీ సరిగా తుడవకుండా వదిలేసినా నేల జారుతుంది, ఆ నెపమూ వేస్తారు. ఒకసారి ఉత్త నీళ్లతో కడిగించి, ఫోటోలు, వీడియో తీసి ఉంచండి.

ముందు అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి, 15 రోజుల గడువివ్వండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని అక్కడే రాజీ అవుతాయి. కాకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. టైల్స్ మోర్బీలో తయారైనా మీరు గుజరాత్ వెళ్లనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. పక్కా బిల్లు కాకుండా ఎస్టిమేట్ చీటీ ఇచ్చి ఉంటే యూపీఐ, బ్యాంకు లెక్కలు జతచేయండి. బిల్లు ఇవ్వకపోవడం వాళ్ల తప్పు కిందికే వస్తుంది.

మళ్లీ టైల్స్ కొనాల్సి వస్తే రెండు మూడు శాంపిల్ పలకలు ఇంటికి తెచ్చి, తడిపి, కుక్కను నడిపించి చూడండి. ఆర్ 10కి తగ్గనివ్వకండి, నీళ్లు పడే బాల్కనీలో ఆర్ 11 ఉండాలి. పాలిష్ పట్టని తాండూరు బండ అయినా బాగుంటుంది. నచ్చిన పలక వెనక షోరూమ్ వాళ్ల సంతకం, తేదీ వేయించి మీ దగ్గరే ఉంచుకోండి. శాంపిల్ చూపి అమ్మినప్పుడు వచ్చిన సరుకు దానిలాగే ఉండాలని వస్తు విక్రయ చట్టం సెక్షన్ 17 చెబుతోంది. బిల్లులో "కుక్క ఉన్న ఇంటికి, ఆర్ 10" అని రాయమనండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.