వక్తృత్వం అలవాటు వదిలితేనే డిబేట్ అలవడుతుంది

విజయనగరంలో డిగ్రీ చదువుతున్నానని, ఇంగ్లిష్ అంతంత మాత్రమేనని, పార్లమెంటరీ డిబేట్ నేర్చుకోవడానికి ముందుగా ఏ పుస్తకాలు చదవాలని మీరు అడిగారు. పుస్తకాలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ఈ పోటీల్లో పాల్గొన్నాను, ఇప్పుడు శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కొందరు విద్యార్థుల చేత సాధన చేయిస్తున్నాను. నేను చూసినంతలో మన రెండు జిల్లాల పిల్లలకు అడ్డుపడుతున్నది ఇంగ్లిష్ కాదు, బడిలో బహుమతులిచ్చి మరీ అలవాటు చేసిన వక్తృత్వం.

ఒక ఆదివారం బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో, అంటే ఇద్దరేసి సభ్యులున్న నాలుగు జట్లతో, ప్రభుత్వ పక్షాన రెండు, ప్రతిపక్షాన రెండుగా, సాధన పెట్టుకున్నాము. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో విడుదలైన మన మత్స్యకారుల ఉదంతాన్ని దృష్టిలో పెట్టుకుని, వేట కోసం గుజరాత్‌కు వలస వెళ్లడాన్ని ప్రభుత్వం నిరుత్సాహపరచాలన్న మోషన్, అంటే చర్చాంశం, ఇచ్చాను. సన్నద్ధతకు నియమం ప్రకారం పదిహేను నిమిషాలే. మొదటి ప్రభుత్వ జట్టులో ప్రధానమంత్రి స్థానం, అంటే అందరికన్నా ముందు మాట్లాడే వంతు, దక్కిన అబ్బాయికి వక్తృత్వపు కప్పులు ఇంటినిండా ఉన్నాయి. అతడు పద్యంతో మొదలుపెట్టి, సముద్రాన్ని వర్ణించి, జైలులో ఉన్న కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కన్నీటి దగ్గరకు వచ్చేసరికి గదిలో అందరూ నిశ్శబ్దంగా వింటున్నారు.

అప్పుడు చివరి ప్రతిపక్ష జట్టు నుంచి, తీర గ్రామానికి చెందిన ఒక అమ్మాయి పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, అంటే ప్రసంగం మధ్యలో ఎదుటి పక్షం వేసే ప్రశ్న, కోసం లేచి నిలబడింది. ఏడు నిమిషాల ప్రసంగంలో మొదటి నిమిషం, చివరి నిమిషం మినహా ఎప్పుడైనా ఇలా అడగవచ్చు. "బోటు ఎక్కకముందే యజమాని ఇచ్చే అడ్వాన్సుతో మా ఇళ్లలో అప్పు తీరుస్తారు. మీ పథకంలో ఆ డబ్బు ఎవరిస్తారు, ఏ నెలలో ఇస్తారు?" అని అడిగింది. "ఆ విషయానికి తరువాత వస్తాను" అని అతడు మళ్లీ తల్లి కన్నీటిలోకి వెళ్లిపోయాడు, ఆ తరువాత రానే లేదు. అతని జట్టులోని రెండవ వక్త కూడా, ఎదుటి పక్షం అప్పటికే ఏమి చెప్పిందో పట్టించుకోకుండా, రాసుకున్నది అప్పజెప్పి కూర్చున్నాడు.

ఆ అమ్మాయి తన వంతు వచ్చినప్పుడు కష్టాల గురించి మాట్లాడనే లేదు. ప్రభుత్వం నిరుత్సాహపరచినా అప్పున్నవాడు ఆగడని, దళారుల ద్వారా పేరు నమోదు కాకుండా వెళతాడని, రేపు పట్టుబడితే ఫలానావాడు మావాడేనని చెప్పడానికి ప్రభుత్వం దగ్గర జాబితా కూడా ఉండదని మెట్టు మెట్టుగా చూపించింది. ముందు జట్లు తడమని కోణాన్ని ఇలా తేవడాన్నే ఎక్స్‌టెన్షన్ అంటారు. ఆమె జట్టుకు మొదటి స్థానం, మూడు పాయింట్లు. అతని జట్టుకు నాలుగో స్థానం, సున్నా. "నేను ఒక్కసారి కూడా కాగితం చూడలేదు కదండీ" అని అతడు బాధపడ్డాడు. కాగితం చూడలేదు, నిజమే. ఎదుటివారిని కూడా చూడలేదు.

తప్పు ఆ పిల్లవాడిది కాదు. మన దగ్గర డిబేట్ పేరుతో జరిగే చాలా పోటీల్లో పక్షమేమిటో వారం ముందే చెబుతారు, ఉపాధ్యాయులు వ్యాసం రాసిస్తారు, ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తారు, సమయం చాలదని ప్రశ్నోత్తరాలను ఎత్తివేస్తారు, హావభావాలకు మార్కులు వేసి శాలువా కప్పి పంపిస్తారు. ఎదుటివారి మాటకు ఒక్కరూ జవాబు చెప్పని కార్యక్రమాన్ని డిబేట్ అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఖండన ఎలా ఉండాలో తెలియాలంటే దూరం పోనవసరం లేదు. 1863లో మన శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రచనలనే తీసుకుని, వారి వ్యాకరణాన్ని వారే ఎక్కడెక్కడ తప్పారో ఎత్తి చూపించారు. ఎదుటివాడు ఒప్పుకున్న ప్రమాణంతోనే అతని వాదాన్ని కొలవడం కన్నా బలమైన ఖండన నేను ఇంతవరకు చూడలేదు.

ఇంగ్లిష్ గురించి కూడా దిగులు వద్దు. 1981లో గ్లాస్గోలో మొదలై, 2014లో చెన్నైకి కూడా వచ్చిన ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేట్ పోటీలో, ఇంగ్లిష్ మాతృభాష కానివారికి ప్రత్యేక విభాగమే ఉంది. యాసను బట్టి స్థానం నిర్ణయించకూడదన్నది అక్కడి న్యాయనిర్ణేతలు పాటించవలసిన నియమం. మొదటి రెండు నెలలు తెలుగులోనే వాదించండి. వాదం కుదిరాక భాష మార్చుకోవడం అంత కష్టమేమీ కాదు.

ఎనిమిది మంది దొరకకపోతే నలుగురితో, ఇద్దరికి ఇద్దరుగా మొదలుపెట్టండి. పక్షాలను నాణెం ఎగరవేసి నిర్ణయించండి, పదిహేను నిమిషాలూ ఫోన్లు పక్కన పెట్టండి. మొదటి వక్త తప్ప మిగిలిన ప్రతి ఒక్కరూ తమ ప్రసంగంలో మొదటి రెండు నిమిషాలు ఎదుటి పక్షానికి జవాబు చెప్పడానికే వాడాలని షరతు పెట్టండి. భోగాపురం విమానాశ్రయానికి భూములివ్వడం వంటి, మీకు తెలిసిన మనుషులు ఇరుపక్షాలా ఉన్న విషయాన్ని తీసుకోండి. పద్యం చదివినవారి చేత అందరికీ టీ ఇప్పించండి. మా దగ్గర ఈ నియమం బాగానే పనిచేస్తోంది.