కంకర మీద ముందు చక్రం జారుతుంటే...

ప్రశ్న: ఇటీవలే 250 సీసీ స్క్రాంబ్లర్ (తారు మీదా, మట్టి మీదా నడిపేందుకు వీలైన బండి) కొన్నాను. రోజూ తారు రోడ్డు మీద ఉద్యోగానికి వెళ్లివస్తాను. సెలవు దొరికితే మట్టి బాట పడతాను. తారు మీద ఏ భయమూ లేదు. కంకర రాగానే హ్యాండిల్ కొట్టుకుంటుంది, మలుపులో ముందు చక్రం జారుతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా లొంగడం లేదు, చేతులు మాత్రం పీకేస్తున్నాయి. టైర్లు మార్చాలా, బండే మార్చాలా?

జవాబు: ఏదీ మార్చకండి. ముందు హ్యాండిల్ మీద పట్టు సడలించండి. కంకర మీద చక్రం గీత గీసినట్టు పోదు. ఒక రాయిని తొక్కుతుంది, ఇంకో రాయి పక్కకు తోస్తుంది, మళ్లీ దారిలోకి వస్తుంది. వేగంగా తిరిగే చక్రం తనంతట తాను తిన్నబడాలనే చూస్తుంది. ముందు ఫోర్కును వాలుగా అమర్చేదీ అందుకు తోడ్పడాలనే. మీరు బిగబట్టిన కొద్దీ ఆ సర్దుబాటుకు అడ్డుపడుతున్నారు. చేతులు పీకడానికి కారణం కూడా ఇదే.

మరి బండిని దేనితో పట్టుకోవాలి? మోకాళ్లతో. ఫుట్‌రెస్టుల మీద నిలబడండి. మోకాళ్లు కాస్త వంచి ట్యాంకును రెండు వైపులా నొక్కి పట్టండి. మోచేతులు బయటికి, చూపు బాగా ముందుకు ఉండాలి. బరువంతా పాదాల మీద ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నెమ్మదిగా పోతున్నప్పుడు హ్యాండిల్ మీది వేళ్లను ఒక్క క్షణం వదులు చేయండి. మీరు ముందుకు తూలితే ఇంకా చేతుల మీదే వేలాడుతున్నారన్నమాట. తూలకపోతే నిలబడటం వచ్చినట్టే. నిలబడినప్పుడు మణికట్టు విరిచినట్టు వంగుతుంటే బ్రేకు, క్లచ్ లీవర్లను కొద్దిగా కిందికి తిప్పి బిగించండి. కాసేపటి పని, కానీ దీంతోనే సగం అలసట తగ్గుతుంది.

ఇక మలుపు. తారు మీద బండితో పాటు మీరూ లోపలికి వాలుతారు. మట్టిలో దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి. బండిని మీ కింద లోపలికి తోయండి, ఒళ్లు మాత్రం నిటారుగా ఉంచండి. మలుపుకు బయటి వైపున్న పాదంతో ఫుట్‌రెస్టును గట్టిగా అదమండి. ఆ ఒత్తిడి టైరును నేలకేసి నొక్కుతుంది. చక్రం కొద్దిగా జారినా బండి మాత్రమే కదులుతుంది, మీరు దానితో పాటు పడిపోరు. వేగం తగ్గించడమంతా మలుపుకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. వాలిన బండికి కంకర మీద ముందు బ్రేకు వేస్తే చక్రం చేజారుతుంది. మీ ముందు చక్రం జారడానికి కారణం ఇదేనని నా అనుమానం. లోపలికి వచ్చాక వేగం ఎక్కువైందని తెలిసి బ్రేకు పట్టేస్తున్నారు.

అలాగని ముందు బ్రేకును మానేయకండి. మట్టిలో కూడా బండిని ఎక్కువగా ఆపేది అదే. రెండు వేళ్లతో, మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మీ బండిలో వెనుక చక్రానికి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఆపే మీట ఉంటే కంకర దిగుడులో ఆపండి. వదులు నేల మీద బిగిసిన చక్రం మట్టిని ముందుకు పోగేసి ఆ గుట్టకే ఆగుతుంది. ఏబీఎస్ చక్రాన్ని బిగియనివ్వదు కాబట్టి ఆగే దూరం పెరుగుతుంది. చాలా బండ్లలో తాళం తీసి మళ్లీ వేయగానే ఏబీఎస్ దానంతట అదే తిరిగి వస్తుంది. ఆగి బయలుదేరిన ప్రతిసారీ చూసుకోండి. నిటారు దిగుడులో మొదటి గేరులో ఇంజిను పట్టుతోనే దిగండి. క్లచ్ నొక్కితే ఆ పట్టు పోతుంది.

టైర్ల గురించి అడిగారు. ఉన్నవాటిలో గాలి తగ్గించి చూశారా? తారు మీద సుమారు 30 పీఎస్ఐ ఉంచే బండికి మట్టిలో 22 నుంచి 24 ఉంటే టైరు పరుచుకుని నేలను పట్టుకుంటుంది. ఇంకా దించితే పదునైన రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి చిరుగుతుంది. చిన్న గాలి పంపు, గాలి కొలిచే గేజి సంచిలో ఉండాలి. మళ్లీ తారు ఎక్కగానే గాలి నింపాలి. నింపాక కూడా మొదటి మలుపులు నిదానంగానే తీయండి. గడుల టైరు సందుల్లో చిక్కిన మట్టి, చిన్న రాళ్లు రాలిపోయేదాకా దానికి తారు మీద పట్టు దొరకదు.

ప్రశ్న: స్క్రాంబ్లర్‌కు సైలెన్సర్ అంత పైన ఎందుకు? అది అందం కోసమేనా? వాగు దాటడానికి పనికొస్తుందా?

జవాబు: ఇప్పుడు అందం కోసం పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ పుట్టింది అవసరంలోంచే. ఇంగ్లండ్‌లో 1924లో క్యాంబర్లీ వద్ద కొండలు, బురద, గతుకుల మీదుగా సాగిన పోటీతో ఇలాంటి మట్టి బాట పందేలకు ఊపు వచ్చింది. ఆ రోజుల్లో రోడ్డు బండ్లనే మార్చి పరిగెత్తించేవారు. కింద వేలాడే గొట్టం రాయికో మొద్దుకో తగిలి నలగకుండా పైకి ఎత్తారు. 1962లో హోండా సీఎల్ 72 అనే 250 సీసీ బండి రెండు గొట్టాలనూ ఎడమ పక్కకు, పైకి తెచ్చి అమ్మకానికి వచ్చింది. దాని సత్తా చూపడానికి ఆ ఏడాదే డేవ్ ఎకిన్స్, బిల్ రాబర్ట్‌సన్ జూనియర్ మెక్సికోలోని బాహా ద్వీపకల్పం పొడవునా, టిహ్వానా నుంచి లా పాజ్ వరకు, దాదాపు 1,500 కిలోమీటర్లు పరిగెత్తించారు. ఎక్కువ భాగం మట్టి, ఇసుక, రాళ్ల బాటే. ఎకిన్స్‌కు 40 గంటలకు కాస్త తక్కువ పట్టింది. చిన్న బండితో ఏమవుతుందని ఎవరైనా అంటే నేను ఈ ప్రయాణమే గుర్తు చేస్తాను.

నీటి సంగతి వేరు. మీరు ఎంత లోతులో దిగవచ్చో చెప్పేది సైలెన్సర్ కాదు, ఇంజిను గాలి పీల్చే చోటు. చాలా బండ్లలో అది సీటు కింద ఉంటుంది. అడుగు కనిపించని వాగులోకి బండితో దిగకండి, ముందు నడిచి చూడండి. బండి నీళ్లలో పడి ఆగిపోతే బటన్ నొక్కి స్టార్టు చేయాలని చూడకండి. సిలిండరులో చేరిన నీరు ఎంత నొక్కినా కుదించుకోదు, పిస్టన్‌ను కదిపే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి, నీరంతా బయటికి చిమ్మాకే మళ్లీ ప్రయత్నించాలి. ఇంకొకటి, పైనున్న గొట్టం కాలికి దగ్గరగా ఉంటుంది. పొట్టి ప్యాంటుతో ఎక్కితే కాలడం ఖాయం.

ప్రశ్న: నేను పొట్టి. రెండు కాళ్లూ నేలకు ఆనడం లేదు. షాకబ్జార్బర్ కిందికి దించుకోవచ్చా?

జవాబు: వద్దు. దించితే ఇంజిను అడుగు రాళ్లకు తగులుతుంది, మీరు ఏ పని కోసం ఈ బండి ఎంచుకున్నారో అదే పోతుంది. ఒక్క పాదం ముందు భాగం ఆనితే చాలు. ఆగే ముందే ఎత్తు వైపు చూసి, ఆ కాలు దించడం అలవాటు చేసుకోండి. కుడికాలు బ్రేకు మీద, ఎడమకాలు నేల మీద ఉండేలా ఖాళీ మైదానంలో ఆగడం, కదలడం మాత్రమే సాధన చేయండి. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కొండెక్కాలని చూస్తారు. ఎక్కువమంది పడేది ఆగేటప్పుడే.

ప్రశ్న: మట్టిలో తిరిగి వచ్చాక చైను కరకరలాడుతోంది. ఎంత బిగించాలి?

జవాబు: కరకరకు కారణం మట్టి, వదులు కాదు. బిగించి ఊరుకుంటే ఆ మట్టే పళ్లను అరగదీస్తుంది. మెత్తటి బ్రష్షుతో, కిరోసిన్‌తో కడిగి తుడవండి. పెట్రోలు వాడకండి, చైనులోని రబ్బరు రింగులు పాడవుతాయి. బయలుదేరే ముందు కాక, తిరిగి వచ్చాక చైను వెచ్చగా ఉన్నప్పుడే నూనె పెడితే తెల్లారేసరికి లోపలికి దిగుతుంది.

బిగింపు కొలిచేటప్పుడు చాలామంది బండిని స్టాండు మీద నిలిపి వేలితో ఎత్తి చూసి తృప్తి పడతారు. స్క్రాంబ్లర్‌కు అది సరిపోదు. వెనుక చక్రం పైకి లేచే దూరం ఎక్కువ కనుక, గుంతలో పడి షాకబ్జార్బర్ నొక్కుకున్నప్పుడు చైను ఇంకా బిగుసుకుంటుంది. ముందు పళ్ల చక్రం, స్వింగార్మ్ (వెనుక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) ఇరుసు, వెనుక చక్రం ఇరుసు ఒకే వరుసకు వచ్చిన క్షణంలో అది అత్యంత బిగువుగా ఉంటుంది. ఇద్దరిని బండి మీద కూర్చోబెట్టి ఆ వరుసకు వచ్చేదాకా నొక్కించి, అప్పుడు కింది వరుస మధ్యలో వేలు పెట్టి చూడండి. అప్పుడు కూడా చైను కొద్దిగా ఆడుతుండాలి. ఆడకపోతే గేరుబాక్సు బేరింగులకు చేటు. కొలత మీ బండి పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి.

చైనుతో పాటు ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడండి. ఇంకొకరి వెనుక దుమ్ములో పోయిన రోజైతే తప్పకుండా చూడాలి. స్పాంజి రకమైతే కడిగి, పూర్తిగా ఆరాక, ఫిల్టరు నూనె పట్టించి పిండి పెట్టండి. కాగితపు రకానికి నూనె తగలకూడదు. మెల్లగా తట్టి దులపండి, నల్లబడితే మార్చేయండి.