వల లాగినకొద్దీ జిలేబీలు ఎందుకు పెరుగుతున్నాయి?

ప్రశ్న: మా అర ఎకరం కుంటలో బొచ్చె, రవ్వ పిల్లలను వదిలాము. ప్రాణహిత వరదతో జిలేబీ చేపలు (తిలాపియా) వచ్చి చేరాయి. నెలకోసారి వల లాగి సగం తీసేస్తున్నా మళ్లీ నిండిపోతున్నాయి, ఒక్కటీ అరచేతిని మించడం లేదు. తవుడు పెంచమంటారా?
– ఒక రైతు, సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: తవుడు పెంచకండి. జిలేబీల మంద వేగంగా పెరగడానికి కావలసిన వీలును నెలనెలా మీ వలే కల్పిస్తోంది.

ఏ కుంటకైనా, అందులోని మేత, ప్రాణవాయువు పోషించగల చేపల బరువుకు ఒక హద్దు ఉంటుంది. లెక్క కోసం మీ కుంటకు అది 200 కిలోలనుకుందాం. మొదట వచ్చిన కొద్ది చేపలకు మేత పుష్కలమే గాని తల్లులు తక్కువ కనుక మంద నిదానంగా పెరుగుతుంది. హద్దు దగ్గరపడ్డాక తల్లులెన్ని ఉన్నా మేత చాలదు. ఈ రెంటి నడుమ, సుమారు 100 కిలోల దగ్గర, తల్లులూ ఉంటాయి, మేతా మిగిలి ఉంటుంది కాబట్టి పెరుగుదల అక్కడే అన్నిటికన్నా జోరుగా సాగుతుంది. బెల్జియం గణితవేత్త వెర్హుల్‌స్ట్ 1838లో మనుషుల జనాభా కోసం రాసిన సమీకరణం చెప్పేదీ ఇదే. మీరు సగం తీసినప్పుడల్లా మంద సరిగ్గా ఆ చోటికే వచ్చి నిలుస్తోంది. అమ్ముకునే చేపకైతే ఈ పద్ధతిని నేనే మెచ్చుకునేవాణ్ణి. పదో వంతు మాత్రమే మిగిల్చినా ఆలస్యమవుతుందే గాని ఆగదు.

తవుడు పోస్తే హద్దు పైకి జరుగుతుంది, ఆ ఖాళీని కొత్త పిల్లలు నింపుతాయి. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప రెండు మూడు నెలలకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. కిక్కిరిసిన నీటిలో మరీ చిన్నగా ఉండగానే పెడుతుంది. నీరు తగ్గినప్పుడు గట్టు వెంట చూడండి, బురదలో పళ్లెమంత గుండ్రని గుంటలు కనిపిస్తాయి. అవి మగ చేపలు తవ్వినవి. అక్కడ పెట్టిన గుడ్లను ఆడ చేప నోట్లోకి తీసుకుని, పిల్లలు ఈదేదాకా నోట్లోనే దాచుతుంది. వలలో పడి బెదరగానే వాటిని ఉమ్మేస్తుంది. అవి వల కన్నుల్లోంచి జారి తిరిగి కుంటలోకే పోతాయి.

అందుచేత ఈ ఎండాకాలంలో బొచ్చె, రవ్వలను పట్టి అమ్ముకుని, కుంటను నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టండి. గుంటల్లో నిలిచిన కాస్త నీటిలో నాలుగు తల్లులు మిగిలినా శ్రమంతా వృథా అవుతుంది. పూర్తిగా ఎండకపోతే నీటిని అడుగు లోతుకు తగ్గించి, సుమారు 150 కిలోల ఇప్పపిండిని (నూనె తీశాక మిగిలే ఇప్పగింజల పిండి, చేపలకు విషం) నానబెట్టి అంతటా చల్లండి. ఇప్పచెట్లకు కొదవ లేని మీ ప్రాంతంలో దాని కోసం దూరం పోనక్కరలేదనుకుంటాను. చచ్చిన చేపలు తినడానికి పనికివస్తాయి. ఆ నీటిని పక్క కుంటల్లోకి మాత్రం వదలవద్దు. 15–20 రోజుల్లో విషం విరిగి, పిండి ఎరువవుతుంది.

ఆ తరువాత వేలెడంత పిల్లలను వెయ్యికి మించకుండా వదలండి. కొరమేనును వదిలితే జిలేబీ పిల్లలను తింటుందన్నది నిజమే గాని, మీ బొచ్చె పిల్లలనూ విడిచిపెట్టదు. వానాకాలంలో నీరు దిగే తూముకు సన్నని కన్నుల జాలీ కట్టి, చెత్త అడ్డుపడి తెగిపోకుండా రోజూ దులపండి.